చర్మం శ్రుతి పలికే తీరు

జనగామ జిల్లా పల్లెల్లో ఒగ్గుకథ ఆరంభం కావడానికి ముందే డోలు మ్రోగుతుంది. కథ ఎక్కడ జరుగబోతున్నదో ఊరి చివరి ఇంటివారికి కూడ ఆ మ్రోతను బట్టి తెలుస్తుంది. అదే జిల్లాలో చిందు యక్షగానం ఆడే రాత్రి మరొక దృశ్యం కనబడుతుంది. పాట అందుకొనక ముందు మద్దెల వాయించే కళాకారుడు హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కించుకొని, ఆ స్వరాన్ని చెవిన పట్టి, మద్దెల అంచును అక్కడక్కడ తట్టుతూ రెండు నాదాలూ ఏకమయ్యే వరకు సరిచేసుకొంటాడు. డోలు వాయించేవానికి ఈ పని లేదు. తోలు బిగువుగా ఉన్నదా లేదా అని మాత్రమే అతడు చూసుకొంటాడు.

డోలు, మద్దెల రెండూ తోలు బిగించి చేసిన వాద్యాలే. ఒకదానికి శ్రుతి కావలసివచ్చి, రెండవదానికి అక్కరలేకపోవడానికి కారణమేమి? చూడడానికి చిన్నదైన ఈ ప్రశ్నకు సమాధానం శబ్దశాస్త్రంలో ఒక ముచ్చటైన అధ్యాయం. ఆ అధ్యాయంలో కొన్ని పుటలను వ్రాసినవారు శాస్త్రజ్ఞులు కారు. తోలు పని చేసే చేతులవారు.

మూడు జిల్లాల పాట

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. వీటి భూమిలో అధిక భాగం పూర్వపు వరంగల్లు జిల్లాది. భక్తికీ పాటకూ ఇక్కడ ఉన్న సంబంధం చాల పాతది. పాల్కురికి సోమనాథుని పేరుతో ముడిపడిన పాలకుర్తి, పోతన పేరుతో ముడిపడిన బమ్మెర, రెండూ నేటి జనగామ జిల్లాలోనివే. సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర' పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన భక్తుల ఆటపాటలతో పాటు ఎన్నో రాగాల పేర్లు, వాద్యాల పేర్లు కనబడతాయి.

ఒగ్గుకథలో మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలు పాడుతారు. 'ఒగ్గు' అనగా శివుని చేతి డమరుకం. జనగామ ప్రాంతానికి చెందిన చుక్క సత్తయ్య ఈ కళను దేశమంతట వినిపించి, సంగీత నాటక అకాడమీ పురస్కారం పొంది, 2017లో మరణించారు. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించింది. ఆయన కూడ జనగామ జిల్లావారే. మహబూబాబాద్ జిల్లాలో లంబాడీ తండాలు అధికం. వారి భజనలలో, పండుగలలో గిన్నె ఆకారం గల నంగారా మ్రోగుతుంది. ఇక భూపాలపల్లి జిల్లా ఏర్పడినప్పుడు పాలంపేట అందులోనే ఉండేది; 2019లో ములుగు జిల్లాలో చేరింది. అక్కడి రామప్ప దేవాలయాన్ని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. ఆ గుడి రాళ్ళ మీద నర్తకుల ప్రక్కన మద్దెల వాయించేవారి శిల్పాలు నేటికీ నిలిచి ఉన్నవి.

కావున డోలు, నంగారా, మద్దెల అనే మూడు చర్మవాద్యాలు ఈ ప్రాంతంలో కొద్ది మైళ్ళ దూరంలోనే వినబడతాయి. శబ్దశాస్త్ర దృష్టితో చూస్తే ఇవి ఒకే సమస్యకు మూడు వేర్వేరు సమాధానాలు. ఆ సమస్య ఏమిటో ముందుగా తెలుసుకొనవలెను.

తంత్రికి ఉన్న సుగుణం

రెండు కొసలా బిగించిన తంత్రిని మీటితే అది ఒకే విధంగా కంపించదు. మొత్తం తంత్రి ఒక్కటిగా ఊగుతుంది. అదే సమయంలో రెండు భాగాలుగాను, మూడు భాగాలుగాను, నాలుగు భాగాలుగాను కూడ ఊగుతుంది. సెకండుకు జరిగే కంపనాల సంఖ్యను పౌనఃపున్యం అంటారు. మొత్తం తంత్రి కంపనం వలన పుట్టే ప్రాథమిక స్వరం పౌనఃపున్యం 200 అనుకొంటే, తక్కిన స్వరాల పౌనఃపున్యాలు 400, 600, 800, 1000 అవుతాయి. అంటే అవి 1, 2, 3, 4, 5 నిష్పత్తిలో ఉంటాయి. ఇట్టి స్వరాలను అనుస్వరాలు అంటారు.

ఈ పూర్ణాంకాల నిష్పత్తియే సంగీతానికి ఆధారం. పౌనఃపున్యాలు ఇట్లు పొందికగా ఉన్నప్పుడు చెవి వాటిని విడివిడిగా వినదు. అన్నిటినీ కలిపి ఒకే స్వరంగా గ్రహిస్తుంది. తంబురా తంత్రి ఒక్కటి మీటినా నిండుగా వినిపించేది ఇందువలననే. షడ్జానికి రెండు రెట్లు గలది పై షడ్జం, ఒకటిన్నర రెట్లు గలది పంచమం. వేరొక విధంగా చెప్పాలంటే మూడవ అనుస్వరం పై స్థాయి పంచమమే. తంత్రి తన నాదంలోనే సంగీతపు బీజాలను దాచుకొన్నది.

చర్మానికి ఉన్న చిక్కు

వలయానికి బిగించిన గుండ్రని చర్మం విషయం వేరు. తంత్రి పొడవునకు మాత్రమే విస్తరించినది. చర్మం పొడవు, వెడల్పు రెండూ కలది. కాబట్టి అది ఊగే తీరులు కూడ ఎక్కువ. చర్మం మొత్తం ఒక్కసారిగా పైకీ క్రిందికీ ఊగడం మొదటి తీరు. ఒక వ్యాసరేఖ కదలక నిలిచి, దానికి అటూ ఇటూ ఉన్న సగాలు ఎదురెదురుగా ఊగడం రెండవ తీరు. రెండు వ్యాసరేఖలు కదలక చర్మం నాలుగు భాగాలుగా ఊగడం మూడవది. ఒక వృత్తరేఖ కదలక, దాని లోపలి భాగం పైకి లేచినప్పుడు వెలుపలి భాగం క్రిందికి దిగడం నాలుగవది. ఇట్లు వరుస సాగిపోతుంది.

అంతటా ఒకే మందం గల చర్మానికి ఈ పౌనఃపున్యాల నిష్పత్తి గణితం వలన తెలుస్తుంది. అది 1, 1.59, 2.14, 2.30, 2.65, 2.92 గా ఉంటుంది. మొదటిది 200 అయితే తక్కినవి సుమారు 319, 427, 459, 531, 583. వీటిలో పూర్ణాంకాల పొందిక లేదు. వీటన్నిటినీ ఒక్కసారిగా విన్న చెవికి ఏది షడ్జమో తెలియదు. అందుచేత పూత లేని చర్మాన్ని కొడితే దెబ్బ వినబడుతుంది గాని స్వరం వినబడదు. ఇదే చర్మానికి ఉన్న చిక్కు. పైన చెప్పిన మూడు వాద్యాలు ఈ చిక్కును మూడు విధాల ఎదుర్కొన్నవి.

డోలు: శ్రుతి లేకపోవడమే సౌకర్యం

డోలు ఈ చిక్కును విప్పడానికి ప్రయత్నించదు. దానిని తనకు అనుకూలంగా మలచుకొంటుంది. ఒగ్గుకథ బయలులో జరిగే కళ. నలువైపుల జనం ఉంటారు. నలుగురైదుగురు డోళ్ళవారు అడుగులు వేస్తూ, తిరుగుతూ వాయిస్తారు. శబ్దం బయలులో అన్ని దిక్కులకు వ్యాపిస్తుంది. దూరం రెండింతలైతే తీవ్రత నాలుగవ వంతుకు తగ్గుతుంది. అంతేకాక గాలి హెచ్చు పౌనఃపున్యం గల శబ్దాలను ఎక్కువగా, తక్కువ పౌనఃపున్యం గల వాటిని తక్కువగా శోషిస్తుంది. దూరం నుండి వచ్చే మేళంలో మొదట చెవిన పడేది డోలు 'ధం' శబ్దమే కావడానికి ఇది ఒక కారణం. పెద్ద చర్మం, కర్ర దెబ్బ కలిసి హెచ్చు గాలిని కదిలిస్తాయి. దూరం పోవడానికి కావలసినది అదే.

ఇంకొక సౌకర్యం కూడ కలదు. నిశ్చితమైన శ్రుతి లేని వాద్యం ఏ శ్రుతికీ విరుద్ధం కాదు. కథకుడు ఒక ఘట్టంలో గొంతు హెచ్చించి పాడవచ్చును. మరొక ఘట్టంలో తగ్గించి పాడవచ్చును. రాత్రి గడిచేకొద్దీ గొంతు అలసి శ్రుతి దిగిపోవచ్చును. డోలు వీటన్నిటికీ సరిపోతుంది. అది గాయకునికి కాలాన్ని చూపుతుంది గాని స్వరాన్ని శాసించదు. కాబట్టి డోలు శ్రుతి లేనిది గనుక తక్కువ రకం వాద్యమని తలచడం పొరపాటు. ఉలికి సుత్తి పని రాదని ఎవరూ నిందించరు గదా!

నంగారా: గాలి చేసే సాయం

నంగారాలో చర్మం ఒక గిన్నె మూతికి బిగించబడి ఉంటుంది. లోపలి గాలి వెలుపలికి పోవడానికి దారి ఉండదు. చర్మం ఊగినప్పుడు తనను ఆనుకొన్న గాలిని కూడ మోసుకొని ఊగవలసి వస్తుంది. ఇది చర్మానికి అదనపు బరువు వంటిది. పెద్ద భాగాలుగా, నెమ్మదిగా ఊగే తీరులు హెచ్చు గాలిని మోస్తాయి కనుక వాటి పౌనఃపున్యం ఎక్కువగా తగ్గుతుంది. చిన్న చిన్న భాగాలుగా ఊగే తీరుల పౌనఃపున్యం అంతగా తగ్గదు.

ఫలితం విచిత్రమైనది. ఒకటి, రెండు, మూడు వ్యాసరేఖలు కదలకుండ ఊగే తీరులను మాత్రమే తీసుకొంటే, గాలి ప్రభావం లేనప్పుడు వాటి నిష్పత్తి 1, 1.34, 1.67. పాశ్చాత్య వాద్యబృందాలలో వాడే పెద్ద గిన్నె భేరులలో గాలి సాయం వలన అది సుమారు 1, 1.5, 2 అవుతుంది. అంటే 2, 3, 4 అనే పూర్ణాంకాల పొందిక కుదురుతుంది. అందుచేతనే ఆ భేరులను ఒక స్వరానికి శ్రుతి చేయడం సాధ్యమైనది. చర్మం నడుమ కాక అంచుకు దగ్గరగా కొడితేనే ఈ తీరులు బాగా పలుకుతాయి. తండాలో నంగారాను అట్లు లెక్కించి శ్రుతి చేయరు. అయినను గిన్నె ఆకారమే దాని మ్రోతకు కొంత గుండ్రదనం ఇస్తుంది. గిన్నె కొలత, చర్మం బిగువు అనుకూలించిన కొద్దీ ఆ గుణం హెచ్చుతుంది.

మద్దెల, మృదంగం: నల్లని పూత

మూడవ సమాధానం అన్నిటికంటె సూక్ష్మమైనది. మద్దెల, మృదంగం, తబలాల ముఖం మీద నల్లని గుండ్రని పూత ఉంటుంది. అలంకారం కోసమని చాలమంది భావిస్తారు గాని, వాద్యానికి ప్రాణం అదే. ఇనుము కలిగిన రాతిని మెత్తగా పొడి చేసి, అన్నంతో కలిపి నూరి, చర్మం నడుమ పలుచని పొరలుగా పూస్తారు. ప్రతి పొరనూ ఆరబెట్టి, నునుపు రాతితో రుద్ది, ఆ పైన మరొక పొర వేస్తారు. పూత నడుమ మందంగాను, అంచుల వైపు పలుచగాను ఉంటుంది.

ఈ బరువు చేసే పని ఏమి? చర్మం మొత్తం ఒక్కటిగా ఊగేటప్పుడు అన్నిటికంటె ఎక్కువగా కదిలేది నడిమి భాగం. అక్కడ బరువు ఉంటే ఆ కంపనం బాగా నెమ్మదిస్తుంది. వ్యాసరేఖ కదలకుండ ఊగే తీరులలో కేంద్రం ఆ రేఖ మీదనే ఉంటుంది, అది కదలదు. కనుక నడిమి బరువు ఆ తీరులను అంతగా బాధించదు. ఈ విధంగా ప్రాథమిక స్వరం ఎక్కువగా క్రిందికి దిగుతుంది. రెండవది కొద్దిగా దిగుతుంది. 1.59 గా ఉన్న వాటి నిష్పత్తి పెరిగి 2 అవుతుంది. అదే విధంగా 2.14, 2.30 గా ఉండిన రెండు తీరులలో రెండవదానిలో కేంద్రం కదులుతుంది కాబట్టి అది ఎక్కువగా తగ్గి, మొదటి దానితో కలిసిపోతుంది. రెండూ కలిసి మూడవ అనుస్వరాన్ని ఇస్తాయి. విడివిడిగా, పొందిక లేక ఉండిన తొమ్మిది తీరులు ఇట్లు ఐదు అనుస్వరాలుగా జతకూడుతాయి. చర్మం తంత్రి వలె 1, 2, 3, 4, 5 నిష్పత్తిలో పలుకుతుంది.

ఈ విషయాన్ని ప్రయోగపూర్వకంగా లోకానికి తెలిపినవారు చంద్రశేఖర వేంకట రామన్. ఆయన కలకత్తాలో ఉన్న కాలంలో, శివకాళి కుమార్‌తో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో దీనిని గూర్చి ప్రకటించారు. 1934లో భారతీయ చర్మవాద్యాలను గూర్చి మరింత విపులమైన వ్యాసం వ్రాశారు. చర్మం మీద సన్నని ఇసుక చల్లి వాయిస్తే, ఊగే చోటుల నుండి ఇసుక తొలగి, కదలని రేఖల వెంట చేరుతుంది. ఆ బొమ్మలే ఏ దెబ్బకు చర్మం ఏ తీరున ఊగుతున్నదో తెలిపినవి. 1954లో బి. ఎస్. రామకృష్ణ, మన్ మోహన్ సోంధీ ఈ పూత పూసిన చర్మాన్ని రెండు వేర్వేరు సాంద్రతలు గల పొరగా భావించి గణితరీత్యా వివరించారు. ఈ రామకృష్ణయే తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేశారు.

వాద్యకారుని వేళ్ళకు కూడ ఈ శాస్త్రం తెలుసు. మృదంగం మీద ఉంగరపు వేలిని తేలికగా ఆనించి, చూపుడు వేలితో అంచున కొట్టినప్పుడు 'నం' అనే స్వచ్ఛమైన నాదం పుడుతుంది. ఆనిన వేలు చర్మాన్ని ఆ చోట కదలనీయదు. ప్రాథమిక కంపనం అణగిపోయి, వ్యాసరేఖ నిలిచే తీరు మిగులుతుంది. ఎడమ ముఖానికి కచేరీకి ముందు రవ్వ ముద్ద అంటించడం కూడ ఇట్టిదే. ఆ బరువు వలన ఎడమ నాదం మంద్రంగా, గంభీరంగా దిగుతుంది. కచేరీ ముగియగానే ముద్దను తీసివేస్తారు.

ఈ ఉపాయం నేటిది కాదు. భరతుని నాట్యశాస్త్రంలోనే చర్మవాద్యాల ముఖాలకు నదీతీరపు నల్లమట్టి పూయడాన్ని గూర్చి ఉన్నది. గణపతిదేవుని గజసేనాని జాయపుడు 13వ శతాబ్దంలో 'నృత్తరత్నావళి' వ్రాసేనాటికి ఈ విద్య ఎంతో ప్రాచీనమైనది. ఆ గ్రంథంలోని పేరణి నృత్తాన్ని నటరాజ రామకృష్ణ 20వ శతాబ్దంలో మళ్ళీ వేదిక ఎక్కించారు. రామప్ప శిల్పంలో మద్దెల ఆకారం కనబడుతుంది. దాని నాదం మాత్రం పూత పూసే చేతుల ద్వారానే తరతరాలకు అందవలసినది.

ఎండ, వాన, బిగువు

చర్మం శ్రుతి మూడు విషయాలపై ఆధారపడుతుంది. చర్మం వ్యాసం తగ్గితే పౌనఃపున్యం హెచ్చుతుంది. బిగువు నాలుగింతలైతే పౌనఃపున్యం రెండింతలవుతుంది. చర్మం బరువు నాలుగింతలైతే పౌనఃపున్యం సగమవుతుంది. మృదంగం అంచును రాయితోను కొయ్యముక్కతోను క్రిందికి కొడితే బిగువు హెచ్చి శ్రుతి పెరుగుతుంది. పైకి కొడితే తగ్గుతుంది.

వానకాలంలో చర్మం గాలిలోని తేమను పీలుస్తుంది. దానివలన సడలుతుంది, బరువెక్కుతుంది కూడ. ఈ రెండు కారణాలూ శ్రుతిని ఒకే వైపుకు, అంటే క్రిందికే లాగుతాయి. డప్పు వాయించేవారు ముందుగా గడ్డి మంట వేసి కాచుకొనడం ఇందుకే. వేడికి తేమ పోయి, చర్మం బిగిసి 'కణకణ' మంటుంది. ప్రక్కనున్న సిద్దిపేట జిల్లాలోని కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుండి ఉగాది వరకు సాగుతుంది. కురవి వీరభద్రస్వామి జాతర శివరాత్రికి జరుగుతుంది. పొడి గాలి వీచే ఆ రోజులు చర్మవాద్యాలకు కూడ అనుకూలమైనవే.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఈ పాఠాన్ని బోధించడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. వెడల్పు మూతి గల ఒక రేకు డబ్బా తీసుకొని, బెలూను రబ్బరును మూతికి బిగువుగా, అన్ని వైపుల సమంగా కట్టవలెను. అంచుకు దగ్గరగా వేలితో తట్టి వినవలెను. తరువాత చిటికెడు గోధుమపిండి ముద్దను రబ్బరు నడుమ అంటించి మరల తట్టవలెను. నాదం దిగినట్లు వెంటనే తెలుస్తుంది. ముద్దను నడుమ నుండి అంచుకు జరిపి చూస్తే, అదే బరువు అక్కడ అంతగా పనిచేయదని తెలుస్తుంది. ముద్దను తీసివేసి, రబ్బరు మీద సన్నని ఇసుక చల్లి, దగ్గరలో ఒక స్వరాన్ని హెచ్చుతగ్గులుగా పాడితే, కొన్ని స్వరాల వద్ద ఇసుక కదిలి గీతలుగా ఏర్పడుతుంది.

నేడు సెల్‌ఫోనులో పౌనఃపున్యాలను గీతలుగా చూపే సాధనాలు ఉచితంగా దొరుకుతున్నవి. ఊరిలోని డోలును, మద్దెలను ఒకదాని తరువాత ఒకటి వాయింపజేసి చూపితే, మద్దెల గీతలు సమదూరాలలోను, డోలు గీతలు చెదరియు కనబడతాయి. వాటి అర్థాన్ని విద్యార్థులు తామే చెప్పగలరు.

చేతులలోని శాస్త్రం

పూత ఎంత మందం ఉండవలెనో, ఎక్కడ ఆపవలెనో చెప్పే సూత్రం ఏ తోలు పనివాని వద్దనూ వ్రాసి లేదు. అతడు ఒక పొర వేస్తాడు, తట్టి వింటాడు, మరొక పొర వేస్తాడు. తొమ్మిది తీరుల కంపనాలు ఐదు స్వరాలుగా జతకూడే క్షణాన్ని అతని చెవి గుర్తిస్తుంది. గణితశాస్త్రం 1954లో వివరించిన దానిని ఆ చెవి శతాబ్దాల క్రితమే సాధించింది. అయినను వాయించేవారికి దక్కిన పేరు ప్రతిష్ఠలు చేసేవారికి దక్కలేదు. చచ్చిన పశువు తోలు ముట్టుకొనే పని అని సమాజం వారిని దూరంగా ఉంచినది. ఆ తోలు పలికిన నాదాన్ని మాత్రం గుడిలోనికి పిలుచుకొన్నది.

నేడు ప్లాస్టిక్ పొరలు బిగించిన డోళ్ళు, డప్పులు వస్తున్నవి. అవి వానకు సడలవు, మంట వద్ద కాచనక్కరలేదు. డోలుకు అవి కొంతవరకు సరిపోవచ్చును; దానికి నిశ్చితమైన శ్రుతి అక్కరలేదు కదా. కాని పూత పూసే విద్య అట్టిది కాదు. అది చూసి, విని, చేసి నేర్చుకొనవలసినది. ఒక తరం నేర్చుకొనకపోతే తరువాతి తరానికి చెప్పేవారుండరు.

ఉన్నత పాఠశాలలో తంత్రుల కంపనాలను గూర్చి పాఠం చెప్పే రోజున, అదే ఊరిలో మద్దెలకు పూత పూయగల పెద్ద ఒకరుంటే ఆయనను తరగతికి పిలవడం ఉపాధ్యాయులకు కష్టమైన పని కాదు. ఆయన పొర మీద పొర వేసి తట్టుతుండగా, విద్యార్థులు ఫోనులో గీతలను చూస్తూ ఉండవచ్చును. చెదరి ఉన్న గీతలు మెల్లగా సమదూరాలకు సర్దుకొనడం కంటికి కనబడుతుంది. ఆ సర్దుబాటును ఆయన చెవి ఫోనుకంటె ముందే చెబుతుంది.